మురీ

కుక్కని తెచ్చుకోడానికి కాయితాలేటని
నవ్వింది మా నీలవేణి.
వీధిలో చెయ్యి చాపితే నాలుగొస్తాయి కదా.

వచ్చిన కాయితంలో ఇరవై మూడు ప్రశ్నలు.
ప్రహరీ ఎత్తెంత, ఇల్లు అద్దెదా,
ఊరెళితే ఎవరు చూస్తారు,
చచ్చిందాకా ఉంచుకుంటారా.
పెళ్ళిచూపుల్లో మా మామగారు కూడా
ఇన్ని అడగలేదు.

పనేమిటన్న చోట కొమ్ముపని అని రాశాను.
స్కూటీ మీద ఇల్లు చూడ్డానికొచ్చిన లిప్సా
అక్కడ ఆగిపోయింది.
గేటు కింది సందుని జానతో కొలిచిన పిల్ల
రంపాన్ని చూసింది, గేదె కొమ్ముల బస్తాని చూసింది,
ముక్కు మూసుకోకుండా ఉండడానికి
చాలా కష్టపడింది.
కొమ్ముని కాచి వంచితే వెంట్రుక కాలిన కంపు.
నలభై ఏళ్ళ మీదట నాకది వాసనే కాదు.
"దానికి మాత్రం" అంది వచ్చీరాని తెలుగులో,
"ఇది మిఠాయి కొట్టు."

వీళ్ళకి షెల్టరంటూ లేదు.
కాశీనగర్‌లో ఒక మేష్టారి పెరట్లో రెండు,
రాయగడ రైల్వే క్వార్టర్లో గుడ్డిది ఒకటి,
ఎవరి గుమ్మంలో చోటుంటే అక్కడ,
సొంతిల్లు దొరికేదాకా.
మాది గుణుపురంలో
కుముదినీ సాహు కుట్టుమిషను కింద ఉంది.

పేరు ముఢి, అందావిడ.
నీలవేణికి మూఢి అని వినబడింది.
పాపం, మూగజీవాన్ని తిడతారేటండీ?
ఆవిడ లోపలికెళ్ళి డబ్బా తెచ్చి మూత తీసింది.
ఓసోస్, మన మురీలే!
తెల్లటి ఒంటి మీద అక్కడక్కడా
కాస్త ఎక్కువ వేగిన మచ్చలు.

బండెక్కేటప్పుడు పాత నోటుబుక్కొకటి ఇచ్చింది.
అన్నీ గుండ్రటి అక్షరాలు.
బళ్ళో ఒడియా చదివిన మా దమయంతి
వంశధార కిటికీలో కనబడుతూ మాయమవుతుంటే
చదివి చెప్పింది:
ఉత్తి పఖాళ ముట్టదు, ఎండుచేప తగలాలి.
చీపురంటే భయం. పైకెత్తొద్దు.
లారీ హారనుకి ఉచ్చ పోసేస్తుంది, కసరొద్దు.
చివరి పేజీలో ఒకటే వాక్యం,
కొట్టేసి, మళ్ళీ రాసింది:
నన్ను మరిచిపోయిన రోజు ఫోను చెయ్యండి.

పర్లాకిమిడిలో నాలుగు రోజులు
అది తలుపువైపే మొహం పెట్టుకుంది.
రాయే, ఇటు రాయే అంటే
చెవి కూడా కదలలేదు.
ఏఠికి ఆ, అన్నాను సంతలో బేరమాడే ఒడియాలో.
తిరిగి చూసింది.
నా యాసకి నవ్వుకుందో ఏమో, రాలేదు.
నీలవేణి చీపురు అటకెక్కించి
ఇల్లంతా తడిగుడ్డతో తుడిచింది,
కాయితాలేటన్న మనిషి.

ఐదో రాత్రి భువనేశ్వర్ ఆర్డరు.
పన్నెండు కొంగలు తెల్లారేసరికి.
సానచక్రం తొక్కడం మొదలెట్టాను.
టకటక, టకటక.
నా పాదం పక్కన ఏదో బరువుగా వాలింది.
తొక్కడం ఆపితే కన్ను తెరుస్తుంది,
తొక్కితే మూస్తుంది.
కొంగలన్నీ అయిపోయాక కూడా
ఉత్తి చక్రాన్నే
చాలాసేపు తొక్కాను.

పొద్దున్న లెక్కపెడితే పదకొండు.
పన్నెండోది మంచం కింద దొరికింది,
ఒంటికాలి మీద.

అప్పుడు చేశాను ఫోను.
హలో అనకుండానే అడిగింది, మరిచిపోయిందా?
నాకు వచ్చిన ఒడియాలో
దానికి జవాబు లేదు.
తింటోంది, అన్నాను. కొంగ కాలు తినేసింది.
అవతల మిషను ఆగింది.
నా ఫోనులోంచి ఆ చప్పుడు వినబడినంతసేపూ
నిక్కబొడుచుకున్న రెండు చెవులు
మెల్లగా దిగాయి.
అది ఆవిడకి చెప్పలేదు.

ఒంటికాలి కొంగని పాతగుడ్డలో చుట్టి
గుణుపురం బండిలో
తెలిసిన టీ కుర్రాడి చేతికిచ్చి పంపాను.
ఒళ్ళంతా అద్దంలా మెరిసేలా రుద్దాను గానీ
పళ్ళ గాట్లున్న చోట
ఆకురాయి పెట్టలేదు.